ఉత్తర దిక్కును తిప్పిన డ్రాయింగు

ఉదయగిరి కొండ కింద నుంచి సోమశిల కాలువల దాకా, మిట్టమధ్యాహ్నం ఎక్కడైనా ఒక బర్రె నీడన నిలబడి నెమరు వేస్తోందంటే ఆ నీడ నాది. ఈ మాట నేను ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టులో చాలా ఏళ్లు చెప్పాను. పశువులకు నీడ డిజైను చేసిన ఇంజనీరు ఈ జిల్లాలో నేనొక్కణ్ణేనని, పక్క జిల్లాల వాళ్లు కూడా నా డ్రాయింగు అడిగి పట్టుకుపోయారని చెప్పాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలో కొందరు అది విని నాకు టీ కూడా ఇప్పించారు. తాగిన టీలు తిరిగి ఇవ్వలేను. మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

డిజైను నాది కాదు. పశువుల షెడ్ల పథకంతో పాటు పై ఆఫీసు నుంచి వచ్చింది. ఎవరు గీశారో గాని బుద్ధిమంతుడు గీశాడు. పొడుగ్గా ఒక పాక, పైన రెండు వాలుల రేకులు, పొడుగు వైపులు రెండూ తెరిచి, పొట్టి వైపులు రెండూ గోడ. పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అలా ఉంటే పొద్దు వాలాక వచ్చే ఎండ పడమటి గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. కాగితం మూలన ఉత్తరం ఎటో చూపించే చిన్న బాణం ఉంటుంది. ఆ బాణాన్ని బట్టి షెడ్డును నిలబెట్టాలి. ఇందులో ఇంతకు మించిన శాస్త్రం లేదు. నేను మాత్రం టీ కొట్టులో సూర్యుడి కోణాలు, గాలి వేగాలు చాలా చెప్పేవాణ్ణి. నాకు వాటిలో సగం తెలియవు.

మరి నేను చేసిందేమిటంటే, ఆ బుద్ధిమంతుడు గీసిందాన్ని ఫోటోకు పనికొచ్చేలా మార్చాను.

షెడ్డు పూర్తయిందని చూపించాలంటే సెల్‌ఫోనులో ఫోటో తీసి ఎక్కించాలి. పథకం బోర్డు, షెడ్డు, లోపల పశువు ఒకే ఫోటోలో పడాలి. పశువు ఎటు తిరిగి ఉండాలో ఎక్కడా రాసి లేదు. కానీ ఒకసారి పై ఆఫీసులో ఒకాయన, బర్రె వెనక నుంచి తీసిన ఫోటో చూసి, "ఏందయ్యా, నాకు తోక చూపిస్తా ఉండారు?" అన్నాడట. నిజంగా అన్నాడో లేదో తెలియదు. నెల్లూరులో అన్న మాట ఆత్మకూరు వచ్చేసరికి ఆర్డరయింది. అప్పటి నుంచి మా సెక్షనులో షెడ్డు తెరిచిన వైపు రోడ్డుకు పెట్టడం, మేత తొట్టి కూడా ఆ వైపే కట్టడం అలవాటయింది. తొట్టి అటుంటే బర్రె మొహం అటే ఉంటుంది గదా. మా మేస్త్రి సున్నం గీత గీస్తూ, "బర్రెగొడ్లకి పెండ్లిచూపులు సార్" అనేవాడు. నవ్వేవాణ్ణి. రోడ్డు ఉత్తరానో దక్షిణానో ఉన్న చోట ఏ ఇబ్బందీ రాలేదు. తూర్పున ఉన్న చోట మొహాన పడేది పొద్దుటి ఎండే గనుక ఎవరూ ఏమీ అనలేదు.

సీతారామపురం మండలంలో ఒక పల్లె. రోజుకు ఒక బస్సు వస్తుంది, అదీ దాని ఇష్టం. ఆ పల్లెలో వీధి ఉత్తర దక్షిణాలుగా పోతుంది. అక్కడ ఒకామెకు షెడ్డు మంజూరయింది. ఆమె ఇంటి స్థలం వీధికి తూర్పు పక్కన. అంటే ఆమె షెడ్డుకు రోడ్డు పడమర. షెడ్డు తెరిచిన వైపు, తొట్టి, బర్రె మొహం, అన్నీ పడమటికి.

ఆమెకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. మొగుడు పోయాడు. ఉన్న ఒక్క బర్రె మీదే ఆమె బతుకు. అది పుట్టిన వారానికే తల్లి చస్తే, సీసాతో పాలు పట్టి పెంచింది. దాన్ని 'అమ్మీ' అని పిలిచేది. పిలిస్తే అది తల తిప్పేది. మా ఆఫీసులో నేను పిలిస్తే అటెండరు అంత తొందరగా తిరిగేవాడు కాదు.

గీత గీసిన రోజున ఉదయగిరి పశువుల డాక్టరు కూడా వచ్చాడు. ఉదయగిరిలోనే పుట్టి పెరిగిన ముసల్మాను. ఇంట్లో ఉర్దూ, పశువులతో తెలుగు, నాతో రెండూ కలిపి మాట్లాడేవాడు. నాకు ఆ ఊళ్లకు పోవడానికి జీపు ఉండేదని చెప్పుకుంటాను గాని, నిజానికి ఎప్పుడూ ఆయన మోటారుసైకిలు వెనకే కూర్చుని పోయేవాణ్ణి.

ఆయన గీత చూసి ఆగాడు. "అరే సాబ్, ఏంది ఇది? మొహం పడమటికి పెడతా ఉండారు?"

"రోడ్డు అటుండాది గదా."

"రోడ్డుకి ఎండదెబ్బ తగలదు సాబ్, బర్రెకి తగల్తాది. నల్ల తోలు. చెమట సరిగా పట్టదు దానికి. మూడు గంటల ఎండ తిన్నగా మొహాన కొడితే ఏమైపోవాల?"

"ఎండాకాలం నాలుగు నెలలే గదా. ఎండకి అడ్డంగా పట్టా కట్టుకుంటారులే."

"కడతారు. ఫోటోలో బోర్డు కనపడలేదని మళ్లా మీరే పీకిస్తారు."

మేస్త్రి పకపకా నవ్వాడు. నాకు కోపం వచ్చింది. "మీరు సూదిమందు చూసుకోండి సాబ్, కట్టడం నేను చూసుకుంటా" అన్నాను. ఆమె కూడా అక్కడే ఉంది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "సారోళ్లు చదువుకున్నోళ్లు, తెలీకుండా పెడతారా?" అంది. నన్ను ఆ రోజు నమ్మింది ఆమె ఒక్కతే.

షెడ్డు లేచింది. ఎండలు ముదిరాయి. ఆమె నా తప్పును ఆమె పద్ధతిలో దిద్దుకుంది. యూరియా గోతాలు కోసి, కలిపి కుట్టి, పడమటి వైపు పరదా కట్టింది. మధ్యాహ్నం బర్రె ఒంటి మీద రెండు బిందెల నీళ్లు కుమ్మరించేది. మూడింటికి పలుపు విప్పి, ఊరి కుంటలో మిగిలిన బురదలోకి తోలేది. బర్రె బాగానే ఉంది. అప్పటికే చూడి మీద ఉంది. ఇంకో నెలకు ఈనుతుందని డాక్టరు చెప్పాడు.

అప్పుడు నెల్లూరు నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తాడని కబురొచ్చింది. మారుమూల మండలంలో షెడ్డు చూస్తాడట, ఫోటో తీయించుకుంటాడట. పొద్దున పదింటికి వస్తాడన్నారు. నేను ఏడింటికే ఆ పల్లెలో దిగాను.

ఆ రోజు గురించి టీ కొట్టులో నేను చెప్పే కథ వేరే ఉంది. అందులో ఆఫీసరు ఆలస్యంగా వస్తాడు, బర్రె ఎండకు సోలుతుంది, ఎవరికీ ధైర్యం చాలదు. నేను కొడవలి అందుకుని పలుపు తెగ్గోసి, "తనిఖీ కంటే ప్రాణం ముఖ్యం సార్!" అని ఆయన మొహం మీదే అంటాను. వినేవాళ్లు ఈ చోట టీ గ్లాసు కింద పెట్టేవాళ్లు. బాగుంటుంది. జరగలేదు.

జరిగింది ఇది. పోగానే గోతాల పరదా పీకించాను. డాక్టరు ఏడాది కింద చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చేశాను. నేల తడిస్తే పేడ కలిసి బురదవుతుంది, ఫోటోలో అసహ్యంగా ఉంటుంది, ఆఫీసరు బూట్లు పాడవుతాయి. అందుకని బర్రె మీద నీళ్లు పొయ్యొద్దన్నాను. ఆయన వచ్చేసరికి పశువు లోపల ఉండాలి గనుక పలుపు విప్పొద్దన్నాను. ఆమె చేసుకున్న మూడు ఉపాయాలూ ఒకే పూటలో తీసేశాను.

పదయింది. పన్నెండయింది. ఆఫీసరు డ్రైవరుకు ఫోను చేస్తే, "అనంతసాగరం దాటినాము సార్" అన్నాడు. ఒంటిగంటకు మళ్లీ చేస్తే మళ్లీ అనంతసాగరమే దాటుతున్నారు. సోమశిల గెస్టుహౌసులో భోజనాల దగ్గర ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.

రెండు దాటాక ఎండ రేకు చూరు కిందికి దూరింది. ముందు తొట్టి మీద పడింది, తర్వాత బర్రె మూతి మీద, ఆ తర్వాత మెడ మీద. రేకులు పొయ్యి మీద పెనంలా కాలుతున్నాయి. బర్రె తల పక్కకు తిప్పుకోవాలని చూసింది. ఫోటోలో మొహం పడాలని పలుపు కురచగా కట్టించింది కూడా నేనే.

"సారూ, అమ్మీ నాలిక చూడు" అంది ఆమె.

"పది నిమిషాలమ్మా. వచ్చేస్తా ఉండారు."

"ఈ పది నిమిషాలు పొద్దున్నించీ చెప్తా ఉండావే! చూడిది సారూ. విప్పతా. ఆయనొస్తే మళ్లా కట్టేస్తా."

"విప్పితే మళ్లా ఎక్కడ పట్టుకొస్తావు? కుంటలో పడితే లేస్తాదా అది? ఆయనొచ్చి ఖాళీ షెడ్డు చూస్తే నీ పేరు జాబితాలో ఉండదు, చెప్తా ఉండా."

ఆ మాటకు ఆమె చెయ్యి పలుపు మీద నుంచి జారింది. జాబితా అంటే ఏ జాబితానో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. ఉద్యోగంలో ముప్పై ఏళ్లుండి నేను నేర్చుకున్న అసలు విద్య అదొక్కటే. లేని జాబితా పేరు చెప్పి మనిషిని ఆపడం.

మూడున్నరకు డాక్టరు మోటారుసైకిలు మీద వచ్చాడు. తనిఖీకి రమ్మంటే వచ్చాడు గాని బండి దిగుతూనే బర్రెను చూశాడు. నోటి నుంచి నురగ కారుతోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన గబగబా షెడ్డులోకి పోయాడు. సంచిలోంచి కత్తి తీసి పలుపు కోశాడు. కోసింది ఆయన. నేను ఆ సమయంలో పథకం బోర్డు ఒక పక్కకు ఒరిగితే సరిచేస్తున్నాను.

బర్రె నాలుగడుగులు వేసింది. ఇంటి పక్కన కానుగ చెట్టు ఉంది, అక్కడిదాకా పోవాలని చూసింది. ముందు కాళ్లు ముడుచుకుని మోకాళ్ల మీద కూలింది. ఆమె ఇంటి ముందు నీళ్ల తొట్టిలో ఉన్నవన్నీ తోడి పోసింది. డాక్టరు సెలైను పెట్టాడు. ఊళ్లో వాళ్లు నలుగురు గోతాలు తడిపి కప్పారు. పొద్దున నేను పీకించిన గోతాలే.

నాలుగున్నరకు కార్లు వచ్చాయి. ఆఫీసరు దిగి, "ఏమైంది?" అన్నాడు. "కొంచెం నలతగా ఉండాది సార్, డాక్టరు చూస్తా ఉండారు" అన్నాను. ఆయన చెడ్డవాడేం కాదు. "అయ్యో" అన్నాడు. టైము చూసుకున్నాడు. "షెడ్డు ఖాళీగా ఉంటే ఎట్లా?" అన్నాడు.

ఎదురింటి వాళ్ల ఆవును పట్టుకొచ్చారు. అది కొత్త చోటు, బెదిరింది. దాని ముకుతాడు పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. ఫోటో తీశారు. చక్కగా వచ్చింది. బోర్డు, రేకులు, ఆవు మొహం, నేను. ఫోటో అంచుకు అవతల ఇరవై అడుగుల దూరంలో ఆమె బర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అది పడలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఫోటో మా ఆఫీసు గోడ మీద ఉంది.

పొద్దు గుంకక ముందే బర్రె పోయింది. కడుపులో దూడతో సహా.

డాక్టరు రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు. ఎండదెబ్బ. షెడ్డు పడమటి ముఖం. పశువును గంటల తరబడి ఎండలో కట్టి ఉంచారు. ఆ కాగితం నెల్లూరు పోయి, ప్రశ్నగా తిరిగి ఆత్మకూరు వచ్చింది. షెడ్డు దిక్కు తప్పి కట్టారా? కట్టిన షెడ్డు డ్రాయింగు పంపండి.

ఎవరో పై వాళ్లు ఒత్తిడి చేశారని నేను చెప్పుకుంటాను. ఎవరూ చేయలేదు. నన్నెవరూ బెదిరించలేదు. రిటైరు కావడానికి ఇంకా ఎంతో లేదు, చివర్లో మచ్చ ఎందుకనుకున్నాను, అంతే. షెడ్డు ఉన్నది ఉన్నట్టు గీశాను. కొలతలన్నీ నిజం. ఒక్క ఉత్తరం బాణం మాత్రం పావు వంతు తిప్పాను. ఆ కాగితం మీద ఆమె ఇంటి ముందు వీధి తూర్పు పడమరలయింది. షెడ్డు తెరిచిన వైపు దక్షిణమయింది. కాగితం ప్రకారం మూడు గంటల ఎండ ఆ షెడ్డులో దూరడానికి దారే లేదు. నెల్లూరు నుంచి దిక్సూచి పట్టుకుని సీతారామపురం దాకా ఎవరొస్తారు? రాలేదు.

ఎండ దూరకపోతే మరి బర్రె ఎందుకు చచ్చింది? దానికీ ఒక వాక్యం కావాలి గదా. 'యజమాని సకాలంలో తాగునీరు పెట్టనందువలన.' ఈ వాక్యం ఆఫీసులో ఎవరో చేర్చారని ఇన్నాళ్లూ అన్నాను. దస్తూరి నాది.

దాంతో డాక్టరు తప్పుడు రిపోర్టు ఇచ్చినవాడయ్యాడు. మెమో ఇచ్చి, దూరంగా బదిలీ చేశారు. పోయే ముందు నాకు ఫోను చేశాడు. "నన్ను ట్రాన్స్‌ఫర్ చేయించినారు, సరే సాబ్. సూర్యుణ్ణి గూడా చేయించినారు గదా! అది గొప్ప పని" అన్నాడు. జవాబు చెప్పే లోపల పెట్టేశాడు. మళ్లీ నా ఫోను ఎత్తలేదు.

ఆమెకు బదులు బర్రె రాలేదు. నిర్లక్ష్యం చేసిన యజమానికి ఎలా ఇస్తారు? ఒకరోజు ఆమె ఆత్మకూరు ఆఫీసుకే వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. మా గుమాస్తా ఫైలు తీసి, డ్రాయింగు చూపించి, దిక్కులు వివరించాడు. ఆమె అంతా విని, లోపల కూర్చున్న నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"సారూ, మా ఇంటికాడ పొద్దు ఏ పక్క మునగతాదో నీకు తెల్దా?"

"రికార్డు ప్రకారం..." అని మొదలుపెట్టాను.

"రికార్డు కాదు సారూ. నిన్ను అడగతా ఉండా."

నేను ఫైలు తిరగేశాను. ఏ పేజీ కోసమో వెతుకుతున్నట్టు చాలాసేపు తిరగేశాను. తల ఎత్తేసరికి ఆమె లేదు.

రిటైరయ్యాను. శాలువా కప్పారు. పశువులకు నీడనిచ్చిన మహానుభావుడని ఒకాయన మైకులో అన్నాడు. అన్నం సయించక తినలేకపోయానని రాస్తే బాగుంటుంది. తిన్నాను. రెండోసారి బిర్యానీ వేయించుకున్నాను.

పోయిన ఎండాకాలం ఆమె దగ్గరకు వెళ్లాను. పనిగట్టుకుని వెళ్లలేదు. ఉదయగిరిలో ఒక పెండ్లికి పోయి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. షెడ్డు ఉంది. అందులో కట్టెలు, కంది కట్టె మోపులు వేసుకుంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. కానుగ చెట్టు కింద మంచం వేసింది. మంచినీళ్లు ఇచ్చింది. గడగడా తాగి, చెప్పాల్సింది చెప్పాను. బాణం తిప్పింది నేనేనని, నీళ్లు పెట్టలేదని రాసింది నేనేనని.

"తెలుసు సారూ. డాక్టరు సారు అప్పుడే చెప్పినాడు."

"మరి నన్ను అడగలేదే?"

"అడగతానే ఉంటిని గదా మీ ఆఫీసుకొచ్చి! నువ్వు కాగితాలు తిప్పతా ఉంటివి."

ఏం అడుగుతుందోనని భయపడ్డాను. డబ్బు అడుగుతుందనుకున్నాను, జేబులో కొంత పెట్టుకునే పోయాను. బయటికి తీస్తే చూసి ఆమె, "లోపల పెట్టుకో సారూ" అంది.

"బర్రె పోయినాది. నువ్విచ్చినా అమ్మీ రాదు. నాకు బర్రె వద్దు. నేను నీళ్లు పెట్టలేదని రాసినావే, అది కొట్టేయించు. ఊళ్లో ఇప్పటికీ అంటా ఉండారు సారూ. కడుపుతో ఉన్న గొడ్డుకి నీళ్లు పెట్టకుండా చంపుకున్నాదని. నా కోడలు గూడా అన్నాది, దాని బిడ్డని నా దగ్గర ఒదిలి పోయేదానికి ఆలోచిస్తాది. నీకు పుణ్యముంటాది, ఆ ఒక్క ముక్క కొట్టేయించు."

సరేనన్నాను. ఆత్మకూరు ఆఫీసుకు పోయాను. ఇప్పుడున్న ఇంజనీరు నా కింద పని నేర్చుకున్నవాడే. లేచి నిలబడి కుర్చీ వేశాడు. విషయం విని మొహం ముడుచుకున్నాడు. "ఆ ఫైలు మూసేసినాము గదా సార్. తెరిస్తే ముందు మీ పెన్షనుకే వస్తాది. ఎందుకు సార్ ఈ వయసులో?" అన్నాడు. నేను అర్జీ రాసుకునే పోయాను. అది బల్ల మీద పెట్టాను. టీ కొట్టు కథలో అయితే ఇక్కడ నేను బల్ల గుద్ది, నా పెన్షను ఆగినా సరే అంటాను. అనలేదు. ఆయన అర్జీ తీసి నా చేతికే ఇచ్చాడు, తీసుకున్నాను. రెండోసారి పోస్టులో పంపాను. ఇంతవరకు జవాబు లేదు.

కాబట్టి అక్కడ కొట్టేయించలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మీరు రేపు ఆ ఫైలు తెరిచే కుర్చీలో కూర్చునేవాళ్లు. ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో మీకిష్టం లేనివి నమ్మకండి, ముసలాడి కోతలనుకోండి. ఇది మాత్రం నమ్మండి. ఆ రోజు తెల్లారి ఒకసారి, పదకొండింటికి ఒకసారి ఆమె బర్రెకు కడుపునిండా నీళ్లు పెట్టింది. ఒంటి మీద పొయ్యాలని మధ్యాహ్నం బిందె ఎత్తితే వద్దన్నాను. కాసేపటికి మళ్లీ ఎత్తింది. ఆ బిందె ఆమె చేతుల్లోంచి లాక్కుని, ఫోటోలో స్పష్టంగా పడాలని, ఆ నీళ్లతో పథకం బోర్డు మీది దుమ్ము కడిగాను.